వానకు సంతోషపడగలిగినంత

పక్క స్థలంలో బోరు వేస్తున్నారు. పొద్దున్నే వంటింటి కిటికీ తెరిచేసరికి తడిసిన రాతిపిండి వాసన లోపలికి వచ్చింది. బెంగళూరులో ఇన్నేళ్లుగా ఉంటున్నాను గాని, ఆ వాసన తగిలిందంటే నేను ఇక్కడ ఉండను. బాల్కనీలో కరివేపాకు మొక్క మీద తెల్లటి దుమ్ము పలుచగా పేరుకుంది. ఒక ఆకు మీద వేలితో గీత గీసి, ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. కాఫీ చల్లారింది. ఆఫీసుకు వేళవుతోంది. నా బల్ల మీద పెన్నులు పెట్టుకునే గ్లాసు ఒకటుంది. దాని అడుగున చింతగింజంత లోహపు గుబ్బ ఉంటుంది. ఇల్లు మారినప్పుడల్లా అన్నిటికంటే ముందు దాన్ని రుమాల్లో మూట కట్టుకుంటాను. దాన్ని తీసి అరచేతిలో పెట్టుకున్నాను. ఎప్పటిలాగే చల్లగా, దాని సైజుకు మించిన బరువుగా ఉంది. అది కుళ్లాయప్ప మామ ఇచ్చింది.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. సోమందేపల్లె నుంచి పెనుకొండ వైపు బస్సులో వెళ్తూ కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఆయన రేకుల షెడ్డును చూసి ఉంటారేమో. దానికి బోర్డు లేదు. బోర్డు పెడితే పని తెలియనివాళ్లు కూడా వచ్చి కూర్చుంటారని ఆయన పెట్టలేదు. బోరు బండి కొసన రాయిని కొట్టే ఇనుప ముద్దను బిట్టు అంటారు. దాని ముఖం నిండా ఉక్కు కంటే గట్టివైన గుబ్బలుంటాయి, వాటిని బటన్లంటారు. రాయిని కొట్టి కొట్టి బటన్లు చదునైపోతే వాటికి మళ్లీ గుండ్రం తెచ్చే పని ఆయనది. జిల్లాలో సగం బోరు బండ్ల బిట్లు ఆ షెడ్డుకే వచ్చేవి. మా నాయన ఓబులేసు అప్పట్లో వేరేవాళ్ల బోరు బండి నడిపేవాడు. పంతొమ్మిది వందల తొంభైల మొదట్లో నేను హైస్కూల్లో ఉండగా, సెలవు రోజుల్లో నాయన బిట్లను గోనెసంచిలో వేసి సైకిలు వెనక కట్టుకుని వెళ్తుంటే, పక్కనే నడుచుకుంటూ నేనూ వెళ్లేదాన్ని.

మొదటిసారి ఆయన నన్ను పలకరించింది కూడా సరిగ్గా గుర్తుంది. నేను చెవులు మూసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంటే, యంత్రం ఆపి, సాన పట్టని బిట్టు ఒకటి నా ముందు పెట్టి, "కండ్లు మూసుకో పాపా. చేత్తో చూడు," అన్నారు. వేళ్లతో తడిమాను. మధ్య గుబ్బలు గుండ్రంగానే ఉన్నాయి, అంచు గుబ్బలు అరిగి పలకలైపోయాయి. అలా అరిగితే ఆ నేల రాతిలో ఇసక పాలు ఎక్కువని చెప్పారు. గుబ్బ పెచ్చు లేచిందంటే విరిగిన రాయి ఉన్న చోట తొందరపడి కొట్టారని అర్థమట. ఏ బిట్టు ముదిగుబ్బ వైపు నుంచి వచ్చిందో, ఏది గార్లదిన్నె నుంచి వచ్చిందో ఆయన సంచిలో చెయ్యి పెట్టి తడిమి, బయటికి తీయకముందే చెప్పేవారు. నేను నమ్మలేదు. సంచి మీద పేరు చదివి చెబుతున్నారని అనుకున్నాను. ఆయనకు చదవడం రాదని చాలా రోజులకు తెలిసింది.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు సగం కలలాగే గుర్తొస్తాయి. సానరాయి మీద సన్నగా నీళ్లు జారుతుండేవి. రేకుల సందుల్లోంచి పడే ఎండలో దుమ్ము మెల్లగా తిరుగుతూ ఉండేది. బయట ఎండకు నేల ఆవిరి కక్కుతుంటే పెనుకొండ కొండ నేలను వదిలేసి పైకి లేచి నిలబడినట్టు కనిపించేది. గొర్రెలు రోడ్డు దాటే చప్పుడు, లారీ హారను, మళ్లీ సాన చప్పుడు. దానికి అలవాటు పడ్డాక నాకు అక్కడే నిద్ర వచ్చేది. లేచేసరికి కనురెప్పల మీద తెల్లటి పిండి ఉండేది. ఇంటికి పోతే అమ్మ నా వోణీ దులిపి, బడికి పోయినావా, బండకు పోయినావా అని ఎగతాళి చేసేది. మామ మాత్రం పెద్దగా మాట్లాడేవారు కాదు. కోపం జాస్తి. టీలో చక్కెర తక్కువైతే గ్లాసు తీసుకెళ్లి అంగడివాడి ముందే పారబోసి వచ్చేవారు. నన్ను మాత్రం ఒక్కసారి కూడా కసరలేదు.

అనంతపురంలో డిగ్రీ, తర్వాత ఇంకొంత చదువు అయ్యాక బెంగళూరులో నాకు ఒక ఉద్యోగం దొరికింది. విదేశాల్లో జనం పొదుపు సొమ్మును షేర్లలో పెట్టే సంస్థలు ఉంటాయి. వాళ్ల కోసం కంపెనీల మంచీ చెడూ రాసి పంపే ఆఫీసు మాది. నాకు అప్పగించింది సెమీకండక్టర్ యంత్రాల కంపెనీలు. కంప్యూటర్లలో, ఫోన్లలో ఉండే చిప్పులను చేసే కంపెనీలు కావు, ఆ చిప్పులను చేసే యంత్రాలను చేసే కంపెనీలు. ఇది మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. నాయన ఊళ్లో నాది కంప్యూటరు పని అని చెప్పి సరిపెట్టేవాడు. మొదటి జీతంతో స్వీటు పెట్టె తీసుకుని షెడ్డుకు పోయినప్పుడు మామ తీరిగ్గా అడిగారు, చేసేది ఏం పని అని. చెప్పాను. ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"అంటే నువ్వు రాసేది బోరు ఏసుకునే రైతు గురించి కాదు. బోరు బండి చేసేవాని గురించి," అన్నారు.

 మా ఆఫీసులో నాతోపాటు చేరినవాళ్లకు ఆ తేడా ఎక్కడానికి వారం పట్టింది. ఆయన ఇంకా అడిగారు. బండి చేసేవాడు అమ్మేస్తాడు సరే, దాని బిట్లు అరిగినప్పుడు ఎవరి దగ్గరికి పోతాయి? కొన్నవాడు దాన్ని రోజూ తిప్పుతున్నాడో, షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పినాడో, బండి చేసినవానికి ఎట్ల తెలుస్తుంది? నేను తెలిసినదానిలాగా నవ్వి, అవన్నీ చిన్న విషయాలు మామా, కొత్త యంత్రాలకు ఎన్ని ఆర్డర్లు వచ్చాయన్నదే అసలు లెక్క అన్నాను. ఆయన సరే అన్నట్టు తల ఊపి స్వీటు తిన్నారు. ఆ కంపెనీల వార్షిక నివేదికల్లో విడిభాగాలు, మరమ్మతులు అని ఒక భాగం ఉంటుంది. అప్పటిదాకా నేను ఆ పేజీలను తిప్పేసేదాన్ని.

తర్వాత వరసగా వానల్లేని ఏళ్లు వచ్చాయి. వేరుశనగ గింజ నేలలోనే మాడిపోయింది. ఊరూరా బోర్లు. ఒక రైతు చేనులో బండి దిగితే పక్క చేనువాడు డ్రైవరు చెయ్యి పట్టుకుని, ఇటు నుంచి ఇటే మా చేనికి రా అన్నా అని బతిమాలేవాడు. నీళ్లు పడినా పడకపోయినా అడుగుల లెక్కన బండివాడి బాడుగ బండివాడిది. ఇరవై ఏళ్లు ఒకరి బండి నడిపిన నాయనకు, తన సొంత బండి మీద తన చేత్తో పసుపు బొట్టు పెట్టాలన్న కోరిక పుట్టింది. పుట్టడం కాదు, ఎప్పటినుంచో ఉన్నది బయటికి వచ్చింది. సేలం నుంచి ఒక పాత బోరు బండి అమ్మకానికి వచ్చింది. అది కొనాలంటే రోడ్డు పక్క ఆరెకరాలూ గొర్రెల మందా అమ్మాలి. మాకున్నవి అంతే.  నాయన ఇంకెవరినీ అడగకుండా నాకోసం ఆగాడు.

"నువ్వు చేసే పని ఇదే కదా పాపా. దేశాలోళ్లకు చెప్తాండావు. మీ నాయనకూ చెప్పు," అన్నాడు.

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. బెంగళూరు వెళ్లి రెండు ఆదివారాలు కూర్చుని కంప్యూటర్లో పెద్ద పట్టిక తయారు చేశాను. నెలకు ఎన్ని బోర్లు, ఎంత లోతు, డీజిలు ఎంత, మనుషులకు ఎంత, బండి పాతది కాబట్టి ఎన్నేళ్లు వస్తుంది, అన్నీ వేశాను. వానలు కొంచెం బాగుంటే ఎలా ఉంటుందో కూడా ఒక వరస వేశాను. ఏ వరసలో చూసినా కొనమనే వచ్చింది. ఆ కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుని శనివారం బస్సెక్కాను. నాయనకు చూపించే ముందు మామకు చూపించాలనిపించింది. సలహా కోసం కాదు, మెచ్చుకుంటారని.

ఆయన కాగితాల వైపు చూడలేదు. షెడ్డు గోడ వారగా సాన కోసం వచ్చిన బిట్లు పరిచి ఉన్నాయి, ఎప్పటికంటే ఎక్కువే. నన్ను అక్కడికి తీసుకెళ్లి, ఈసారి కండ్లు తెరిచే చూడమన్నారు. చూశాను. చాలా వాటి ముఖం మీద, బటన్ల మధ్యనున్న ఉక్కు ఎర్రగా ఉంది. బటన్లు తుప్పు పట్టవు, మధ్యనున్న ఉక్కు పడుతుంది. రోజూ రాయిని కొట్టే బిట్టుకు ఆ అవకాశం ఉండదు, రాతిపొడి దాన్ని తళతళలాడేలా తోమేస్తుంది. తుప్పు వచ్చిందంటే ఆ బిట్టు రోజుల తరబడి ఊరికే పడి ఉంది.

"పోయిన ఏడు ఒక్క బిట్టుకూ ఎరుపు లేదు పాపా," అన్నారు ఆయన. "జనం బండ్ల మీద బండ్లు కొనినారు. బోర్లు అన్నే ఉండాయి, బండ్లు రెండింతలైనాయి. ఒగ దినం పని, రెండు దినాలు పండుకోవడం. ఇది వానకు ముందే మొదలైంది. ఇంగ వాన గూడా వస్తే?"

అది చాలదన్నట్టు ఇంకో మాటా చెప్పారు. వాన వచ్చి గిరాకీ తగ్గితే ఆ కష్టం రెండేండ్లు, ఓర్చుకుంటే పోతుంది. ఎంత లోతుకు పోయినా నీళ్లు లేని నేల వచ్చిందనుకో, రైతే బోరు మాట మానుకుంటాడు, అది పోయే కష్టం కాదు. రెండూ వేరు, రెండింటినీ వేరువేరుగా చూడు అన్నారు. చివర్లో గొంతు తగ్గించారు. "నేను చెప్తే మీ నాయన ఇనడు. ఓర్వలేక అడ్డం చెప్తాండా అనుకుంటాడు. నీ మాట ఇంటాడు. ఈ ఎరుపు సంగతి నువ్వు చెప్పు."

చెబుతానని మాట ఇచ్చాను. ఇంటికి నడుస్తూ ఆలోచించాను. నా పట్టికలో తుప్పుకు ఒక గడి లేదు. దాన్ని ఏ అంకెగా రాయాలో నాకు తెలియలేదు. రాయలేనిదాన్ని చెప్పడం నా చదువుకు చిన్నతనమనిపించింది. నిజం చెప్పాలంటే అది కూడా సాకే. ఇంటి ముందు నాయన అరుగు మీద కూర్చుని నాకోసం చూస్తున్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని. ఆ ముఖం చూసి, వద్దు అనే మాట చెప్పే మనిషిని నేను కాకూడదనుకున్నాను. కాగితాలు పరిచాను. కొనవచ్చు నాయనా అన్నాను. మామ మాట ఎత్తలేదు.

బండి వచ్చింది. దానికి నాయన పసుపు, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టాడు. మామ వచ్చి, తాను సాన పట్టిన బిట్టు ఒకటి ఇచ్చి, బాగుండప్పా అని భుజం తట్టి వెళ్లారు. నా వైపు ఒక్కసారి చూశారు. నేను చెప్పాననుకున్నారో, చెప్పలేదని అప్పుడే తెలుసుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మొదటి నాలుగు నెలలు పని బాగానే దొరికింది. తర్వాత వారానికి మూడు రోజులైంది. ఆ తర్వాత ముంగారు, తొలకరి వానలు వచ్చాయి.

అటువంటి వానను నేను అంతకుముందు చూడలేదు. మూడు రోజులు ఆగకుండా పడింది. చెరువు నిండి నీళ్లు మరవ మీదుగా పొర్లి పారాయి. నేను ఆ వారం సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. జనం గొడుగులు లేకుండా వీధుల్లో తిరుగుతున్నారు, ముసలివాళ్లు కూడా తలలు తడుపుకుంటున్నారు. ఊరంతా మెత్తగా, పచ్చిగా, కొత్త మట్టి వాసనతో ఎక్కడికో తేలిపోతున్నట్టు ఉంది. మా ఇంట్లో మాత్రం ఎవరూ వానలోకి దిగలేదు. అమ్మ అలవాటుగా చూరు కింద బిందె పెట్టింది. నాయన దాన్ని చూసి, లోపల పెట్టు అన్నాడు. ఆమె తీసేసింది. వాకిట్లో బోరు బండి తడుస్తోంది, నిమ్మకాయలు ఎండి నల్లబడి ఇంకా దానికే వేలాడుతున్నాయి. అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి వానను చూసి మొహం తిప్పుకోవడం నేను ఆ రోజే చూశాను. ఆ మనిషి మా నాయన. దానికి కారణం నేను. ఆ ఆరెకరాల్లో ఆ ఏడు ఇంకెవరిదో వేరుశనగ మోకాలెత్తు లేచింది.

మూడో రోజు సాయంత్రం కుళ్లాయప్ప మామ వచ్చారు, తల మీద గోనెసంచి కప్పుకుని, చేతిలో గ్రీజు డబ్బాతో. నేరుగా బండి ఎక్కి, రాడ్ల మరలకు గ్రీజు పూసి, బిట్లకు నూనె గుడ్డ చుట్టి, సంచులు కప్పారు. నాయన కాసేపు చూసి తానూ లేచి వెళ్లి చెయ్యి వేశాడు. పని అయ్యాక మామ, నేను వసారాలో నిలబడ్డాం. నేను ఏదో చెప్పబోయాను, క్షమించమని కావచ్చు. ఆయన వినిపించుకోలేదు. అరచెయ్యి చూరు బయటికి చాపి, వాన నీళ్లు అందులో నిండేదాకా పట్టుకుని, ముఖానికి రాసుకున్నారు. ఆయనకూ ఇక రెండేళ్లు పని ఉండదు. అయినా ఆ ముఖంలో ఉన్నది సంతోషమే.

"వాన వస్తే సంతోషపడల్ల పాపా," అన్నారు. "యాపారం చెయ్యి, వద్దనలేదు. వానొచ్చినప్పుడు సంతోషం పోయేటంత పెట్టొద్దు. అంతకు మించి పెట్టినామంటే అది మనకు జాస్తి అయినట్టే."

ఆ రోజు నాకది ఓదార్పు మాటలాగా వినిపించింది. దాన్ని కొలతగా వాడుకోవచ్చని తర్వాతెప్పుడో తెలిసింది. అంతకంటే ముందు ఆయన మాకు బతికే దారి చూపించారు. కొత్త బోర్లు లేకపోతేనేం, జిల్లా నిండా పాత బోర్లు ఉన్నాయి, పూడిక పట్టినవి, ఇసక దిగినవి. వాటిలోకి గాలి కొట్టి శుభ్రం చెయ్యడానికి బండి మీదున్న కంప్రెషరు చాలు. పని చిన్నదని బండ్లవాళ్లు పట్టించుకోరు. మామ తన దగ్గరికి వచ్చే రైతులందరికీ నాయన పేరు చెప్పారు. నాయనకు మొదట నామోషీ అనిపించింది. సొంత బండి పెట్టుకుని బావులు కడిగే పనా అన్నాడు. రెండు నెలలకు ఆ పనే మా ఇంటికి అన్నం పెట్టింది. ఆరెకరాలు తిరిగి రాలేదు. అయితే ఆ ఏళ్లలో ఎన్నో బోరు బండ్లు ముక్కలై పాత ఇనుముకు పోతే, మా బండి పోలేదు.

నేను ఆఫీసుకు తిరిగి వెళ్లి, తిప్పేసిన పేజీలన్నీ చదవడం మొదలుపెట్టాను. ఇప్పటికే అమ్మిన యంత్రాలకు విడిభాగాలు ఎన్ని వెళ్తున్నాయి, మరమ్మతుకు మనుషులు ఎంత తిరుగుతున్నారు, అది కొత్త ఆర్డర్లతో కలిసి పెరుగుతోందా, విడిపోతోందా అని చూసేదాన్ని. రెండు వేల దశకం నడిమి దాటాక ఒక సంస్థ మమ్మల్ని అడిగింది. అది విదేశంలో బడి టీచర్ల పింఛను సొమ్ము. పదేళ్ల కోసం, ఆ సొమ్ములో పెద్ద భాగం చిప్పు యంత్రాల కంపెనీలు రెండింటిలో పెట్టవచ్చా అన్నది వాళ్ల ప్రశ్న. ఆర్డర్లు కొండలా ఉన్నాయి. విడిభాగాలు మాత్రం మూడు త్రైమాసికాలుగా తగ్గుతున్నాయి. ఎవరో కొన్న యంత్రాలు ఎక్కడో ఊరికే నిలబడి ఉన్నాయి. అవి నా కంటికి ఎర్రగా కనిపించాయి.

కంపెనీలు మంచివే, పదేళ్లకు పెరుగుతాయి కూడా, కాని వాటి షేర్లు సగానికి సగం పడిపోయిన ఏడాదిలో కూడా ఒక్క టీచరు పింఛనుకూ కష్టం రానంత మాత్రమే పెట్టండి అని రాశాను. మామ చెప్పినట్టే, గిరాకీ తగ్గే ఏడాదిని ఒక ప్రమాదంగా, కొనేవాళ్లు ఇద్దరు ముగ్గురే మిగలడాన్ని వేరే ప్రమాదంగా రాశాను. మా మేనేజరుకు నచ్చలేదు. కొనమంటున్నావా, వద్దంటున్నావా, తేల్చి రాయి అన్నాడు. ఎంత అన్నదే తేల్చానండీ అన్నాను. ఆ సంవత్సరం నాకు జీతం పెరగలేదు. తర్వాత రెండు వేల ఎనిమిదిలో అన్నీ పడ్డాయి, నేననుకున్నదానికంటే ముందే, ఎక్కువగానే. ఆ తర్వాత నేననుకోనంత పైకీ లేచాయి. కాబట్టి నేను గెలిచానని చెప్పుకోను. కొంచెమే పెట్టి గట్టిగా పట్టుకున్నవాళ్లు నిద్రపోగలిగారు, అంతే.

మామ చెప్పినవన్నీ జరిగాయని కూడా కాదు. రోడ్డు వెడల్పు చెయ్యకముందు షెడ్డు పక్క స్థలం ఆయనకు చవగ్గా వస్తే వద్దన్నారు, ఉన్న షెడ్డు చాలని. నాలుగు వరసల రోడ్డు పడ్డాక అక్కడ పెట్రోలు బంకు వచ్చింది. ఆయన భార్య సాలమ్మత్త ఆ బంకు ముందు నుంచి నడిచినప్పుడల్లా, ఆయనకు వినపడేలా నిట్టూర్చేది. తప్పినానులే అని ఆయన ఒప్పుకునేవారు. మళ్లీ సాన ముందు కూర్చునేవారు. చివరి రోజుల్లో దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి దగ్గు ఎక్కువైంది. చూడటానికి పోతే, అరిగిపోయిన బిట్టు నుంచి ఊడిన బటన్ ఒకటి నా చేతిలో పెట్టి, ఇది తుప్పు పట్టదు, పెట్టుకో అన్నారు. ఇంకేదో చెబుతారని కూర్చున్నాను. దగ్గు వచ్చింది, తర్వాత నిద్ర పట్టింది.

ఆయన దినాలు చేసిన రోజు నాయన, నేను ఇంటికి నడిచి వస్తున్నాం. మూసిన షెడ్డు దాటాక నాయన మెల్లగా అన్నాడు, "మంచోడే. ఒక్కటే నాకు మనసులో ఉండిపోయింది. బండి కొనేటప్పుడు ఆయప్పకు తెలియకుండా ఉంటాదా? వద్దప్పా అని ఒక్క మాట చెప్పింటే ఆగిపోయిండేవాణ్ణి. చెప్పలేదు."

ఇన్నేళ్లుగా నాయన అలా అనుకుంటున్నాడని నాకు తెలియదు. ఇన్నేళ్లుగా ఆ నిందను మోస్తూ మామ నాయన పక్కన కూర్చుని టీ తాగారు. ఒక్కసారి, మీ పాపకు చెప్పినానప్పా అని ఉంటే చాలు. అనలేదు. 

"చెప్పినాడు నాయనా," అన్నాను. "నాకు చెప్పినాడు. నీకు చెప్పమన్నాడు. నేనే చెప్పలేదు."

నాయన ఆగిపోయాడు. కల్వర్టు గట్టు మీద కూర్చుని షెడ్డు వైపు చాలాసేపు చూశాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. చివరికి లేచి, "ఆయప్ప ఇచ్చిన బిట్టు అటక మీద ఉండాది. నూనె పూసి పెట్టల్ల," అని ముందు నడిచాడు. ఇంటికి వచ్చాక అదే పని చేశాడు. నేను దీపం పట్టుకున్నట్టు పక్కన నిలబడి నూనె గిన్నె పట్టుకున్నాను. ఆ తర్వాత మేము ఆ సంగతి మాట్లాడుకోలేదు.

ఇప్పుడు రాస్తుండగానే బయట చినుకులు మొదలయ్యాయి. పక్క స్థలంలో బోరు చప్పుడు ఆగింది, మనుషులు బండి కిందికి చేరారు. ఏ నివేదిక ముగించినా చివర నేను నాకు మాత్రమే అర్థమయ్యే ఒక ప్రశ్న పెన్సిలుతో రాసుకుంటాను, వానొస్తే సంతోషపడగలరా అని. జవాబు అవునని వచ్చేదాకా పెట్టుబడి తగ్గిస్తూ వస్తాను. ఈ రోజు ఎందుకో నాయనకు ఫోన్ చెయ్యాలనిపించింది. ఇక్కడ వాన పడుతోంది నాయనా అని చెప్పాను. అవతల కూడా రేకుల మీద చప్పుడు వినిపిస్తోంది. ఎక్కడున్నావని అడిగితే, ముదిగుబ్బ దగ్గర ఒక పాత బోరు కడగడానికి వచ్చానని, వాన వల్ల పని నిలిచిపోయిందని చెప్పాడు. మరి ఈ రోజు బాడుగ అన్నాను.

"పోనీలే. పడనీ పాపా, బాగా పడనీ," అన్నాడు నాయన. ఆ గొంతులో నవ్వు ఉంది.

ఫోన్ పెట్టేసి, కిటికీలోంచి అరచెయ్యి బయటికి చాపాను. నీళ్లు నిండాక ముఖానికి రాసుకున్నాను.